బటన్ మీరు నొక్కుతారు... గాలికి దారి మేం వెతుకుతాం

“ఏం జాబ్ చేస్తున్నావమ్మా?” అని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పడం నాకు ఇప్పటికీ రాదు. “బండ్ల ఏసీలు డిజైన్ చేస్తానండీ” అంటే, “ఓహో, ఏసీ మెకానిక్కా?” అంటారు పెళ్లిళ్లలో కనిపించే పెద్దవాళ్లు. కాలేజీ ఫ్రెండ్స్ అయితే ఇంకో రకం. “మేం ఏసీలో కూర్చుని పనిచేస్తాం, నువ్వు ఏసీ కోసం పనిచేస్తావ్” అని గ్రూపులో ఏడిపిస్తుంటారు.

నేను పనిచేసేది చెన్నైలో, కార్లకీ లారీలకీ విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో. మా టీమ్ చేసే వస్తువు పేరు హెచ్‌వీఏసీ బాక్స్. హీటింగ్, వెంటిలేషన్, ఎయిర్ కండిషనింగ్... మూడూ కలిపి ఒకే ప్లాస్టిక్ డబ్బాలో. మీ కారులో గ్లవ్‌బాక్స్ వెనక మొదలై, మధ్యలో టచ్‌స్క్రీన్ వెనకదాకా పాకి ఉంటుంది. మీరు దాన్ని చూసి ఉండరు. చూడాలంటే దాదాపు డాష్‌బోర్డు మొత్తం ఊడదీయాలి.

అక్కడ చోటు ఎలా ఉంటుందో చెప్పనా? అమీర్‌పేట హాస్టల్లో ఒకే గదిలో ఆరుగురు ఉన్నట్టు ఉంటుంది. స్టీరింగ్ రాడ్ ఒక మంచం. ఎయిర్‌బ్యాగ్ ఒక మంచం. వైర్ల కట్ట ఒకటి. డాష్‌బోర్డు బరువంతా మోసే అడ్డపైపు ఒకటి. ఏడాదికేడాది పెద్దదవుతున్న స్క్రీన్ ఒకటి. మిగిలిన మూలలో మేము. “ఇంకో పది మిల్లీమీటర్లు జరగండి ప్లీజ్” అనే మాట మా మీటింగుల్లో రోజూ వినపడుతుంది. ఎవరూ జరగరు. ఎందుకంటే అందరికీ ఆ పది మిల్లీమీటర్లే కావాలి.

ఏసీ చలిని తయారుచేయదు

ముందు ఒక చిన్న విషయం. ఏసీ చల్లదనాన్ని పుట్టించదు. లోపలి వేడిని మోసుకెళ్లి బయట పారేస్తుంది, అంతే.

మోసే కూలీ పేరు రిఫ్రిజరెంట్. మెకానిక్‌లు ‘గ్యాస్’ అంటారు. ఇంజిన్ బెల్టుతో తిరిగే కంప్రెసర్ దాన్ని గట్టిగా నొక్కుతుంది. సైకిల్ పంపు నాలుగుసార్లు కొడితే కింద వేడెక్కుతుంది కదా, అలా గ్యాస్ కూడా బాగా వేడెక్కుతుంది. ఆ వేడిని బండి ముందు రేడియేటర్‌కి ఆనుకుని ఉండే కండెన్సర్ ఎదురుగాలికి వదిలేస్తుంది. గ్యాస్ ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం సన్నటి రంధ్రంలోంచి దూరి ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. డియోడరెంట్ స్ప్రే ఆపకుండా కొడితే చేతిలో క్యాన్ చల్లబడుతుంది చూశారా, అదే సూత్రం. అలా చల్లబడిన రిఫ్రిజరెంట్ మా డబ్బాలో ఉన్న ఎవాపరేటర్ అనే అల్యూమినియం జాలీలోకి వస్తుంది. బ్లోయర్ దాని మీదుగా గాలిని తోస్తుంది. గాలి వేడిని అక్కడ వదిలేసి మీ ముఖం మీదకి వస్తుంది.

మరి ఆ జాలీని ఎంత చల్లగా ఉంచాలి? ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని అనిపిస్తుంది. కాదు. గాలిలో తేమ ఉంటుంది. జాలీ సున్నా డిగ్రీల కిందకి పోతే ఆ తేమ మంచుగా పేరుకుని, రేకుల మధ్య దారి మూసుకుపోతుంది. అందుకే దాన్ని సున్నాకి రెండు మూడు డిగ్రీల పైన పట్టి ఉంచుతాం. నీళ్లు మాత్రం కారతాయి. ఎండాకాలంలో ఆగిన కారు కింద చుక్కలు చుక్కలుగా పడే నీళ్లు అవే. “కారు లీకవుతోంది” అని కంగారు పడకండి. అది గాలిలోంచి పిండిన నీరు. వైజాగ్‌లో ఎక్కువ కారుతుంది, కర్నూలు ఎండలో తక్కువ.

అదే డబ్బాలో ఇంకో జాలీ ఉంటుంది. అది హీటర్. దానిలో తిరిగేది ఇంజిన్ని చల్లబరిచి వచ్చే 80, 90 డిగ్రీల వేడినీరు. మీరు ఉష్ణోగ్రత నాబ్ తిప్పినప్పుడు చాలా కార్లలో లోపల జరిగేది ఏమిటంటే, ఒక చిన్న తలుపు కదులుతుంది. చల్లగాలిలో కొంత హీటర్ మీదుగా, కొంత నేరుగా పంపి రెండూ కలుపుతుంది. స్నానానికి వేడినీళ్లలో చన్నీళ్లు తొలుపుకున్నట్టు.

“మనకి హీటర్ ఎందుకు, మనమేమైనా కాశ్మీర్‌లో ఉన్నామా?” అని చాలామంది అడుగుతారు. జూలైలో వర్షంలో బండి నడిపి చూడండి. నలుగురు ఎక్కితే అయిదు నిమిషాల్లో అద్దం మసకబారుతుంది. గుడ్డతో తుడిస్తే మళ్లీ మసక. అప్పుడు ఏసీ వేసి, నాబ్ కొంచెం వేడి వైపు తిప్పి, గాలిని అద్దం మీదకి పెట్టండి. ఎవాపరేటర్ గాలిలో తేమ పిండేస్తుంది, హీటర్ ఆ పొడిగాలిని వెచ్చబరుస్తుంది. క్షణాల్లో అద్దం తేటపడుతుంది. చల్లటి జాలీ, వేడి జాలీ ఒకే డబ్బాలో ఎందుకు ఉండాలో అప్పుడు అర్థమవుతుంది. ఇది సుఖం కోసం కాదు, ఎదురుగా వచ్చే బండి కనపడటం కోసం.

డిక్కీలోంచి డాష్‌బోర్డు కిందకి

ఈ డబ్బా మొదట్నుంచీ ఇంత చిన్నది కాదు. ఫ్యాక్టరీలోనే ఏసీ పెట్టిచ్చిన మొదటి కార్లు అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీవి, 1940 మోడల్. ఆ ఏసీ డిక్కీలో సగం చోటు తినేసింది. ఇంకో తమాషా ఏమిటంటే, ఆపడానికి స్విచ్ సౌకర్యం లేదు. కంప్రెసర్‌కి ఇప్పుడున్న క్లచ్ అప్పుడు లేదు. ఏసీ వద్దనుకుంటే ఇంజిన్ ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాలి!

1954లో నాష్ కంపెనీ హీటింగ్, వెంటిలేషన్, కూలింగ్ మూడింటినీ కలిపి బండి ముందు భాగంలోనే ఇమిడ్చింది. ఆ కంపెనీ కెల్వినేటర్ ఫ్రిజ్‌ల వాళ్లతో కలిసిపోయి ఉండేది, కాబట్టి చలి సంగతి వాళ్లకి బాగా తెలుసు. ధర 345 డాలర్లు. ఈరోజు మీ కారులో ఉన్నది, నేను కంప్యూటర్‌లో గీసేది, రెండూ ఆ డబ్బాకి మనవలే.

మరి డెబ్బై ఏళ్లలో మారిందేమిటి? జాలీ పలచబడింది. గుండ్రటి గొట్టాల బదులు చదునైన సన్న గొట్టాలు, వాటి మధ్య మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర ఎడంతో మడతలు పెట్టిన అల్యూమినియం రేకు, ఆ రేకు మీద కంటికి సరిగా ఆనని చిన్న చిన్న గాట్లు. గాలి ఆ గాట్లలో తిరిగి తిరిగి వేడిని వదులుతుంది. ఇప్పటి ఎవాపరేటర్లలో నాలుగు సెంటీమీటర్ల మందం లోపువి మామూలే. అరచేతి వెడల్పులో సగం.

కానీ గాలి మాత్రం మారలేదు. దానికి ఇరుకు నచ్చదు. మలుపు తిప్పితే మొరాయిస్తుంది. దారి ఇరుకు చేసి, “పర్లేదు, బ్లోయర్ స్పీడ్ పెంచుదాం” అంటే చప్పుడు వస్తుంది. ఫుల్ స్పీడులో మీ కారులో పాట వినపడదు చూడండి, అది ఎక్కడో ఒక ఇంజినీర్‌కి దొరకని పది మిల్లీమీటర్ల చప్పుడు.

చిన్న గదికి పెద్ద ఏసీ ఎందుకు?

ఇంట్లో ఒకటిన్నర టన్ను ఏసీ అంటే సుమారు 5 కిలోవాట్ల వేడిని తోడే యంత్రం. అది ఒక బెడ్‌రూమ్‌కి సరిపోతుంది. కారు ఏసీ సామర్థ్యం కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. బెడ్‌రూమ్‌లో పదో వంతు చోటుకి అంత ఎందుకు?

గోడలు లేవు కాబట్టి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఒక్కో చదరపు మీటరు మీద దాదాపు 1000 వాట్ల వేడి పడుతుంది. కారుకి చుట్టూ అద్దాలే. అద్దం ఎండని లోపలికి రానిస్తుంది, వేడెక్కిన సీట్ల నుంచి వచ్చే వేడిని మాత్రం బయటికి పోనివ్వదు. ఎండలో పెట్టిన కారులో గాలి 60 డిగ్రీలు దాటొచ్చు, డాష్‌బోర్డు ఇంకా ఎక్కువ. తలుపు తీసి కూర్చున్న మనిషికి రెండు మూడు నిమిషాల్లో హాయిగా అనిపించాలి. ఇంట్లో ఏసీకి అరగంట టైమిస్తాం. కారుకి ఇవ్వం.

అందుకే ఒక చిట్కా. ఎండలో నిలిపిన బండి ఎక్కగానే అద్దాలు మూసి ఏసీ వేయకండి. అద్దాలు దించి ఒక నిమిషం నడపండి. లోపలి అరవై డిగ్రీల గాలి ఉచితంగా బయటికి పోతుంది. తర్వాత ఏసీ వేసి, కాస్త చల్లబడ్డాక లోపలి గాలే తిరిగే బటన్ నొక్కండి. లాంగ్ డ్రైవ్‌లో మాత్రం గంటల తరబడి ఆ బటన్ మీదే ఉండకండి. మనం వదిలిన కార్బన్ డయాక్సైడ్ లోపలే పేరుకుంటుంది. మగత వస్తుంది. మధ్యమధ్యలో బయటి గాలి రానివ్వండి.

ఇంకో మాట. “ప్రతి వేసవికీ గ్యాస్ నింపించాలి” అని ఎవరైనా చెబితే నమ్మకండి. గ్యాస్ పెట్రోల్ కాదు, వాడితే అయిపోదు. గొట్టాల్లోంచీ సీళ్లలోంచీ ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా జారితే జారుతుందిగానీ, ఏటేటా తగ్గిపోతోందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ముందు లీకు పట్టుకోమనండి. మన కార్లలో ఎక్కువగా ఉన్న ఆర్-134ఎ గ్యాస్, కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 1400 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. యూరప్‌లో 2017 నుంచి కొత్త కార్లలో దాన్ని వాడనివ్వట్లేదు.

ఎలక్ట్రిక్ కార్ల కథ ఇంకోలా ఉంటుంది. పెట్రోల్ ఇంజిన్ ఇంధనంలో చాలా భాగాన్ని వేడిగా వృథా చేస్తుంది, హీటర్ ఆ వృథా మీదే బతుకుతుంది. ఈవీలో ఆ వృథా లేదు. హీటర్ వేయాలంటే బ్యాటరీ కరెంటే ఖర్చు. చికాగోలో ఉన్న నా ఫ్రెండ్ జనవరిలో కారు రేంజ్ పడిపోయిందని వాపోతే, “నీ కాళ్లు వెచ్చగా ఉండటానికి అయ్యే ఖర్చే అది” అన్నాను. అందుకే ఇప్పుడు కొత్త ఈవీల్లో ఏసీనే తిరగేసి నడిపే హీట్ పంపులు వస్తున్నాయి. బయటి చలిగాలిలో ఉన్న కొద్దిపాటి వేడిని లోపలికి మోసుకొస్తాయి. మన దగ్గర సమస్య దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఏప్రిల్‌లో మనిషినీ చల్లబరచాలి, బ్యాటరీనీ చల్లబరచాలి. ఉన్నది ఒకే కంప్రెసర్.

బాబాయ్ లారీ

ఇవన్నీ కార్ల కబుర్లు. కానీ నన్ను రాత్రిళ్లు ఆలోచింపజేసింది లారీ.

మా బాబాయ్ ముప్పై ఏళ్లుగా లారీ తోలుతున్నాడు. మాది విజయవాడ. బండి ఓనర్‌ది, క్యాబిన్ మా ఆటోనగర్‌లో కట్టింది. ఇప్పటి పిల్లలకి తెలియకపోవచ్చు, ఒకప్పుడు లారీ కొంటే ఇంజిన్, చక్రాలు, చాసిస్, ముందు అద్దం ఫ్రేమ్ వచ్చేవి. క్యాబిన్ మనమే కట్టించుకోవాలి. కర్ర, రేకు, వెల్డింగ్, రంగులు. అందంగా ఉండేవి. కానీ ఇంజిన్‌కీ డ్రైవర్ ఎడమ కాలికీ మధ్య ఒక్క రేకు.

2023 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. కొత్తగా తయారయ్యే ఎన్2, ఎన్3 తరగతుల లారీలన్నిటికీ, అంటే మూడున్నర టన్నులు దాటిన సరుకు రవాణా బండ్లన్నిటికీ, క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి. పరీక్ష ఎలా చేయాలో ఐఎస్ 14618 అనే ప్రమాణం చెబుతుంది. మా ఆఫీసుకి లారీ ప్రాజెక్టు వచ్చింది. నేను పేరిచ్చాను.

2024 మే నెలలో సెలవు పెట్టి బాబాయ్ లారీ ఎక్కాను. విజయవాడ నుంచి సూర్యాపేట దాకా. “ఆడపిల్లవి, లారీలో ఏంటే?” అంది పిన్ని. ఆఫీసులో అడిగి తెచ్చుకున్న డేటా లాగర్, ఎనిమిది థర్మోకపుల్ వైర్లు క్యాబిన్‌లో అంటించాను. బాబాయ్ నవ్వాడు.

“అమ్మలూ, ఆ వైర్లు ఏం చెప్తాయి? కాలు ఇక్కడ పెట్టి చూడు, తెలిసిపోద్ది.”

పెట్టాను. తీసేశాను.

కోదాడ దాటాక మధ్యాహ్నం రెండింటికి లాగర్ చూపించిన అంకెలు: బయట 43 డిగ్రీలు. బాబాయ్ ముఖం దగ్గర 47. ఇంజిన్ పైన రేకు మీద 58. అద్దాలు దించితే వేడిగాలి, ఎత్తితే ఉక్కపోత. మెడ మీద తడి తువ్వాలు ఇరవై నిమిషాలకి ఆరిపోతోంది. నీళ్లు ఎక్కువ తాగడు. “తాగితే ఆపాలి, ఆపితే లేటు.” రెండుసార్లు కిడ్నీలో రాళ్లొచ్చిన మనిషి ఆయన.

“బాబాయ్, ఏసీ బండి ఇస్తే తోలతావా?”

“ఎందుకు తోలను? కానీ ఏసీ వెయ్యను.”

“అదేంటి!”

“ట్రిప్పుకి ఇంత డీజిల్ అని లెక్క కట్టి ఇస్తాడు ఓనరు. మిగిలింది నాది. ఏసీ వేస్తే నా జేబులోంచి పోయినట్టే కదా. ఇంకోటి, సిమెంటు లోడుకీ తవుడు లోడుకీ పోతాం. మూణ్నెల్లకి ఆ జాలీ అంతా దుమ్ము పట్టి కూర్చుంటది. గాలి రాదు. మెకానిక్ ఏమో గ్యాస్ అయిపోయిందంటాడు. ఓనరు, ఏసీ వద్దు ఏమీ వద్దు, అద్దాలు దించుకో అంటాడు.”

ఆఫీసులో కూర్చుని ఎన్ని లెక్కలు వేసినా నాకు తట్టని క్రమం అది. ఆయన రెండు నిమిషాల్లో చెప్పేశాడు. ఫిల్టర్ మూసుకుపోతే జాలీ మీదుగా వెళ్లే గాలి తగ్గుతుంది. గాలి తగ్గితే జాలీ మరీ చల్లబడుతుంది. మంచు కట్టకుండా సెన్సర్ కంప్రెసర్‌ని ఆపేస్తుంది. డ్రైవర్‌కి కనిపించేది ఒక్కటే, ఏసీ పనిచేయట్లేదు. ముప్పావు గంటలో తుడిచి పెట్టుకోగల ఫిల్టర్ కోసం వేలకి వేలు ఖర్చు.

ఇరవై నాలుగు మిల్లీమీటర్లు

తిరిగొచ్చాక మా మీటింగుల్లో రెండు విషయాలు పట్టుకున్నాను.

మొదటిది, ఇంజిన్ పైన నేల మీద వేసే మందపాటి ఇన్సులేషన్. ఖర్చు తగ్గించే జాబితాలో అది మొదట ఉంది. పడవకి చిల్లు పూడ్చకుండా పెద్ద బాల్చీ కొన్నట్టు ఉంటుంది అది. ఇన్సులేషన్ తీస్తే ఆ వేడి కూడా ఏసీయే తోడాలి. పెద్ద కంప్రెసర్ కావాలి. పెద్ద కంప్రెసర్ ఇంకాస్త డీజిల్ తాగుతుంది. ఆ డీజిల్ లెక్క చూసుకుని డ్రైవర్ ఏసీ ఆపేస్తాడు. అప్పుడు మనం పెట్టిన ఏసీ పరీక్షలో పాసవుతుంది, రోడ్డు మీద పనిచేయదు. లారీ అంకెలు చూపించాను. ఇన్సులేషన్ నిలబడింది.

రెండోది ఫిల్టర్. మొదటి డిజైన్‌లో అది గ్లవ్‌బాక్స్ వెనక ఉంది. ఆరు స్క్రూలు విప్పాలి. కార్లలో అలా నడుస్తుంది, సర్వీస్ సెంటర్ వాళ్లు విప్పుతారు. లారీ డ్రైవర్ లోడింగ్ పాయింట్‌లో, చేతిలో టూల్ లేకుండా, బయటికి లాగి దులిపి మళ్లీ తోసేయగలగాలి. అగ్గిపెట్టె తెరిచినట్టు. దానికి డబ్బాలో 24 మిల్లీమీటర్లు కావాలి.

ఆ 24 మిల్లీమీటర్ల కోసం ఆరు వారాలు పట్టింది. అదే చోటు కాగితాలు పెట్టుకునే ట్రే కోసం కావాలని అవతలి టీమ్ అడిగింది. వాళ్ల మాటా తప్పు కాదు. పర్మిట్, ఇన్సూరెన్స్, వే బిల్లు, అన్నీ చేతికి అందాలి. బ్లోయర్‌ని చిన్నది చేద్దామంటే చప్పుడు. జాలీని చిన్నది చేద్దామంటే చల్లదనం తగ్గుతుంది. ఆఖరికి ఒకే దారి మిగిలింది. డబ్బా వెనక నుంచి సీట్ల వెనక పడుకునే బెర్త్‌కి వెళ్లే సన్నటి గాలిగొట్టం తీసేయడం.

తీసేశాం. ఫిల్టర్‌కి తలుపు వచ్చింది. నడిపేటప్పుడు డ్రైవర్ ముఖం మీదకీ మెడ మీదకీ చల్లగాలి వస్తుంది. ఇంజిన్ పక్కనుండే ఎడమ కాలి దగ్గరకి ఒక నాళం ప్రత్యేకంగా పెట్టాం. అది బాబాయ్ కాలు పెట్టి చూడమన్న చోటు. బెర్త్‌కి మాత్రం ఏమీ లేదు.

కొలతల ప్రకారం అది సరైన నిర్ణయమే. ఎందుకంటే డ్రైవర్ పడుకున్నప్పుడు ఇంజిన్ ఆగి ఉంటుంది. ఇంజిన్ ఆగితే బెల్టు ఆగుతుంది. బెల్టు ఆగితే కంప్రెసర్ ఆగుతుంది. గొట్టం ఉన్నా అందులోంచి వచ్చేది మామూలు గాలే.

రాత్రి పదకొండు తర్వాత

డ్రైవర్లు ఎక్కడ పడుకుంటారో మీరు హైవే మీద చూసే ఉంటారు. పెట్రోల్ బంకు పక్కన, దాబా ముందు, వరసగా లారీలు. కిందకి దిగి మంచం వేసుకుంటే డీజిల్ దొంగల భయం, సరుకు భయం. అందుకే క్యాబిన్‌లోనే. తలుపులు తీస్తే దోమలు, వేస్తే ఉక్క. రేకు పగలంతా తాగిన వేడిని రాత్రంతా వదులుతూనే ఉంటుంది. అలా రెండు మూడు గంటలు నిద్రపోయి, తెల్లారగట్ల నాలుగింటికి పాతిక టన్నుల బండి స్టార్ట్ చేస్తారు. ఆ సమయంలో అదే రోడ్డు మీద మీరు బస్సులోనో కారులోనో ఉంటారు.

ఇంజిన్ ఆన్‌లో పెట్టి పడుకోవచ్చు. రాత్రంతా డీజిల్ కాలుతుంది, పొగ కమ్ముకుంటుంది. ఏ ఓనరూ ఒప్పుకోడు. బ్యాటరీతో నడిచే పార్కింగ్ కూలర్లు ఉన్నాయి. లెక్క చూద్దాం. పెద్ద లారీలో 24 వోల్టుల బ్యాటరీ వ్యవస్థ ఉంటుంది. 150 ఆంపియర్ అవర్ అనుకుంటే మొత్తం 3.6 యూనిట్ల కరెంటు. అంతా వాడేస్తే పొద్దున్న ఇంజిన్ స్టార్ట్ కాదు. సగమే వాడాలి, అంటే 1.8 యూనిట్లు. 500 వాట్ల చిన్న కూలర్ పెడితే మూడున్నర గంటల పైచిలుకు నడుస్తుంది. పదకొండింటికి పడుకుంటే రెండున్నరకి ఆగిపోతుంది. సరిగ్గా గాఢనిద్రలో.

ఇన్నేళ్లూ మా పని యంత్రాన్ని చిన్నది చేయడం. ఈసారి గదిని చిన్నది చేస్తే ఎలా ఉంటుందా అని చూస్తున్నాను. క్యాబిన్ మొత్తం చల్లబరచడం ఎందుకు? పడుకున్న మనిషి చుట్టూ మందపాటి తెర, దోమతెర సైజులో. ఆ తెరలోపలికి మాత్రమే చల్లగాలి. నిద్రపోయే మనిషి ఒంటి నుంచి వచ్చే వేడి వంద వాట్ల లోపే. రాత్రి ఎండ లేదు. తెరలోంచి దూరే వేడి కలుపుకున్నా, 200 వాట్లు తీసుకునే చిన్న కంప్రెసర్ సరిపోవాలి. 1.8 యూనిట్లకి తొమ్మిది గంటలు. డ్రైవర్లు అంతసేపు ఎప్పుడూ పడుకోరు కూడా.

కాగితం మీద లెక్క కుదిరింది. మా మేనేజర్, “నోటిఫికేషన్‌లో బెర్త్ గురించి లేదు కదా, ఎవరు కొంటారు?” అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఓనర్ కొనాలంటే ధర ఎంత ఉండాలో, తెర ఎన్ని నెలలు చిరగకుండా ఉంటుందో, పాత బండిలో కూడా బిగించగలమో లేదో, అన్నీ చూడాలి. పాత బండి మాట ముఖ్యం. ఎందుకంటే కొత్త రూల్ కొత్తగా తయారయ్యే లారీలకే. బాబాయ్ తోలేది పాతదే. రిటైరయ్యేదాకా బహుశా అదే.

ఫోన్‌లో ఈ తెర సంగతి చెబితే బాబాయ్ అడిగిన మొదటి ప్రశ్న చల్లదనం గురించి కాదు.

“తెర వేసుకుంటే డీజిల్ ట్యాంకు దగ్గర చప్పుడు వినపడద్దా?”

ఆ పాయింటు నా లిస్టులో లేదు. ఇప్పుడు రాసుకున్నాను. వచ్చే మే నెలలో మళ్లీ లారీ ఎక్కుతున్నాను. ఈసారి థర్మోకపుల్ వైర్లు బెర్త్ మీద అంటిస్తాను. రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజాము నాలుగు దాకా లాగర్ నడుస్తుంది. పిన్ని అప్పుడే గొడవ మొదలెట్టింది.